గురువారం విమానం

మార్కాపురం,
12 ఫిబ్రవరి 1959

బాషాబీకి,

నువ్వూ, మా బావ అబ్బాస్ అలీ చల్లగా ఉండాలని అన్న జిలాని దువా చేస్తున్నాడు. ఇక్కడ నేనూ మీ వదిన ఖాజాబీ బాగానే ఉన్నాం. అమ్మ సంగతే రాయాలి.

దగ్గు తగ్గలేదు. నాయన పోయినప్పటి నుంచి పలకలు నున్నగా రుద్దే పనిలోనే బతికింది కదా, ఆ దుమ్మంతా రొమ్ములో గట్టిపడిపోయిందని డాక్టరు అన్నాడు. మందు ఇచ్చాడు గాని, ఇచ్చేటప్పుడు నా ముఖం చూడలేదు.

ఊళ్ళో మన ఆడవాళ్ళలో ఎవరు పోయినా గుసుల్ స్నానం చేయించి సాగనంపింది అమ్మే. ఇప్పుడు తన వంతు గురించి మాట్లాడుతోంది. "నన్ను ఎవురెవురో కడగొద్దు. నా బాషాబీ చేతులు పడాల. దానికి నేర్పినాను" అంటుంది. అదీ ఖాజాబీ ముందే అంటుంది. మీ వదిన సంగతి నీకు తెలుసు, శవం వెళుతుంటే తలుపు వేసుకునే మనిషి. లేచి పొయ్యి దగ్గరికి పోతుంది.

నువ్వు పోయినసారి విమానం కంపెనీ కాగితం పంపావు చూడు, అది మా చట్రాల దుకాణంలో గోడకు అంటించాను. పలకలకు చట్రాలు కొట్టించుకునే వాళ్ళంతా ఆ బొమ్మ చూసిపోతున్నారు. సింగపూర్‌లో పొద్దున తొమ్మిదికి లేస్తుంది, మద్రాసులో ఒంటిగంటకు దిగుతుంది. నాలుగు గంటలు! మనం కలెక్టరాఫీసు ముద్ర కోసం కర్నూలు పోతే తెల్లవారి బస్సెక్కిన వాళ్ళం దీపాలు పెట్టే వేళకు దిగుతాం. అదీ దారిలో టైరు పేలకపోతే. కర్నూలు కంటే సింగపూరే మనకు దగ్గరయింది.

లక్ష్మీనరసయ్య మాస్టరుకు ఈ మాట చెబితే ఒప్పుకోలేదు. బళ్ళో పటం మీద దారం పెట్టి కొలిచాడు. పద్దెనిమిది వందల మైళ్ళట, గంటకు మూడు వందల మైళ్ళు పోయినా ఆరు గంటలు పడుతుందట. నాకు నవ్వొచ్చింది. విమానం సంగతి విమానం వాళ్ళకు తెలుస్తుందా, మాస్టరు దారం ముక్కకు తెలుస్తుందా?

అమ్మకు చెబితే "నాలుగు గంటలేనా?" అని రెండుసార్లు అడిగింది.

వెంటనే జవాబు రాయి.

అన్న,
జిలాని


సింగపూర్,
26 ఫిబ్రవరి 1959

జిలాని అన్నకూ, వదినకూ సలాం. అమ్మ పాదాలకు ఇక్కడి నుంచే మొక్కుతున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు పొయ్యి ముట్టించలేదు. మీ బావ మిలిటరీ దండులో బట్టలు కుట్టి సాయంత్రం వచ్చేసరికి నేను అట్లాగే కూర్చుని ఉన్నాను. ఆయనే టీ కాచాడు.

అమ్మ నాకు ఆ పని నేర్పిన రోజు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. రేగాకు వేసి కాచిన నీళ్ళు ముందు నా మోచేతి మీద పోసింది. బతికున్న మనిషి ఎంత వేడి ఓర్చుకుంటుందో అంతే ఉండాలి, ఎక్కువ కూడదు అంది. పోయినవాళ్ళకు ఏం తెలుస్తుందమ్మా అన్నాను. "సచ్చినోళ్ళకు నొప్పి తెల్దని ఎవురు జెప్పినారే నీకు?" అని కసిరింది. ఆమె మాట ఎట్లా కాదంటాను? నేనే చేయాలి. ఆమెకు నేను తప్ప కూతురు లేదు.

మార్చి చివర మద్రాసుకు ఓడ ఉంది. ఎనిమిది రోజుల ప్రయాణం. మీ బావకు సెలవు దొరకదు గాని నన్ను పొమ్మన్నాడు. వచ్చిన చిక్కల్లా నా ఒంట్లోనే. పక్క వాటాలో చీనా వాళ్ళు ఎండుచేపలు వేయిస్తే కడుపులో తిప్పేస్తుంది. పొద్దున లేస్తే కళ్ళు తిరుగుతాయి. చింతపండు నోట్లో పెట్టుకుంటే తప్ప అన్నం దిగదు. డాక్టరమ్మ దగ్గరికి పోతే మెట్లు ఎక్కొద్దు, ఓడ మాట ఎత్తొద్దు, రంజాన్‌కు ఉపవాసాలు కూడా వద్దు అంది.

అన్నకు ఇంతకంటే రాయలేను. ఈ నాలుగు ముక్కలు మాత్రం అమ్మకు నిదానంగా చదివి వినిపించు. పోయిన రెండుసార్ల మాదిరి కాకుండా నా కోసం దువా చేయమను. ఆమె రమ్మంటే మాత్రం డాక్టరమ్మను పక్కన పెట్టి వచ్చేస్తాను.

చెల్లెలు,
బాషాబీ


మార్కాపురం,
15 మార్చి 1959

బాషాబీకి అన్న ఆశీస్సులు.

నువ్వు రాసిందంతా అమ్మకు చదివాను. ఆ ఎండుచేపల ముక్క దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. మూడుసార్లు చదివించుకుంది. కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. "ఏందమ్మా, చేపల కంపుకు నవ్వేదేముంది?" అన్నాను. "నీకెందుకురా మొగోనికి" అని నన్ను అవతలికి పొమ్మంది. నా ఇంట్లో నా ఉత్తరం చదివి నేనే అవతలికి పోవలసి వచ్చింది!

ఊరు మారితే ముక్కు కూడా మారుతుందా అమ్మాయీ? మన ఇంటి వెనక గొర్రె తోళ్ళు ఆరేసే వాసనలో పెరిగినదానివి. సరేలే, తల తిరుగుతుంటే నిమ్మకాయ పెట్టుకో.

అమ్మ నిన్ను ఓడ ఎక్కవద్దని గట్టిగా రాయమంది. ఆమె మాటే రాస్తున్నాను. "ఎనిమిది దినాలు నీళ్ళ మింద ఊగుతా రావొద్దని దానికి రాయి. విమానం ఉండాది గదా, నాలుగు గంటలేనంట. నాకు చాత గానప్పుడు నువ్వు తంతి కొట్టు, అది వస్తాది. ముందే వచ్చి నా ముఖం చూసుకుంటా కూర్చుంటే ఏం లాభం?" నాకూ సబబే అనిపించింది. నువ్వు ఒంటిగంటకు మద్రాసులో దిగి ఆ సాయంత్రం రైలెక్కితే, గుంటూరులో మన చిన్న రైలు అందుకుని, మరునాడు సాయంత్రానికి మార్కాపురం రోడ్డులో ఉంటావు. స్టేషన్‌కు జట్కా నేను పెడతాను.

ఇంకో వింత. అత్తాకోడళ్ళు ఈమధ్య ఒక్కటైపోయారు. మధ్యాహ్నం పూట తలుపు దగ్గరికి వేసుకుని ఏవో గుసగుసలు, మధ్యలో చెంబు చప్పుడు. నేను లోపలికి పోతే మాట ఆగిపోతుంది. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరినీ ఇంత పొత్తుగా నేను చూడలేదు. మంచిదే కదా.

రంజాన్ మొదలయింది. అమ్మ ఉపవాసం ఉంటానని పట్టుబడితే డాక్టరు పేరు చెప్పి మాన్పించాను.

జిలాని


సింగపూర్,
2 ఏప్రిల్ 1959

జిలాని అన్నకు,

ఉత్తరం చూశాక సగం మనసు కుదుటపడింది. మిగిలిన సగం మాత్రం నన్ను తింటూనే ఉంది. అమ్మ వద్దన్నది కదా అని కూర్చోవడానికి నాకు సిగ్గుగా ఉంది.

నీ లెక్క తప్పు అన్నా. పొద్దు మాకు ముందు పొడుస్తుంది. ఇక్కడి గడియారం మీ గడియారం కంటే రెండు గంటలు ముందుంటుంది. మేము ఖర్జూరం నోట్లో వేసుకుని ఉపవాసం విడిచే వేళకు మీకు ఇంకా ఎండ కాస్తూ ఉంటుంది. ఆ కాగితంలో తొమ్మిది మా గడియారం, ఒంటిగంట మీ గడియారం. నడుమ ఆరు గంటలు. మాస్టరు గారి దారమే నిజం చెప్పింది.

అది పోనీ, ఆరయినా ఎంతయినా ఒక పూటే. అసలు సంగతి, మద్రాసుకు ఆ విమానం రోజూ ఉండదు. వారానికి ఒకటే, గురువారం. నువ్వు శుక్రవారం తంతి ఇస్తే నేను మళ్ళీ గురువారం దాకా గోడలు చూస్తూ కూర్చోవాలి. బస్సు మాదిరి చెయ్యెత్తితే ఆగదు.

అందుకే అడుగుతున్నాను. అమ్మ నిజంగా ఎట్లా ఉంది? డాక్టరమ్మ ఇప్పుడు విమానం కూడా వద్దంటోంది, సెప్టెంబరు దాటేదాకా ఊరు కదలొద్దంటోంది. కాని అమ్మకు ఎక్కువ రోజులు లేవని నువ్వు ఒక్క ముక్క రాయి చాలు, ఈ నెలాఖరు ఓడకే వచ్చేస్తాను. తర్వాత నాకేమయినా సరే. నా మీద దయతో దాచిపెట్టొద్దు. నాకు దయ వద్దు, నిజం కావాలి.

బాషాబీ


మార్కాపురం,
17 ఏప్రిల్ 1959

బాషాబీకి,

నిజం రాయమన్నావు. అమ్మ పక్కనే కూర్చుని రాస్తున్నాను. "నేను బాగుండానని రాయి. పండగనాడు సేమ్యా గిన్నెడు తిన్నానని రాయి. ఓడ గీడ ఏం వద్దు, దాన్ని కదలొద్దని రాయి" అంటోంది. రాశాను.

ఇక నీ గడియారం సంగతి. ఆ కాగితం వెనక వైపు కూడా చదివాను. మద్రాసు నుంచి సింగపూర్ పోయేదానికి ఎనిమిది గంటలు వేశారు. వచ్చేటప్పుడు నాలుగు, పోయేటప్పుడు ఎనిమిది. ఆకాశం ఏమన్నా మద్రాసు వైపు వాలి ఉందా? మాస్టరు నీ పక్షమే. ఆయనకు చదువుకున్న శిష్యురాలి మీద అభిమానం, చట్రాలు కొట్టే నా మీద ఎందుకుంటుంది?

కోపంగానే రాస్తున్నాను, ఈ ముక్క అమ్మకు చదవను. మొదట ఎండుచేపలు అన్నావు. తర్వాత డాక్టరమ్మ అన్నావు. ఇప్పుడు రెండు గడియారాలు, గురువారం అంటున్నావు. పైగా సెప్టెంబరు దాకా కదలవట. రావాలని ఉన్న మనిషికి ఇన్ని అడ్డాలు ఉండవు బాషాబీ. బావ కొలువుకు ఇబ్బంది అయితే అదే రాయి, అర్థం చేసుకోలేనివాణ్ణి కాదు. ఆమె నీ పేరు తప్ప ఇంకో పేరు ఎత్తడం లేదు. రోజూ వినేవాణ్ణి నేను.

జిలాని


మార్కాపురం,
3 మే 1959

బాషాబీకి,

అమ్మ పోయింది.

గురువారం రాత్రి ఎగశ్వాస మొదలయింది. శుక్రవారం పోస్టాఫీసు తలుపు తీయగానే నీకు తంతి ఇచ్చాను, అమ్మకు ప్రమాదం, వెంటనే బయలుదేరమని. జుమ్మా నమాజుకు మసీదులో బాంగు పిలుపు ఇస్తుండగా ప్రాణం పోయింది. అందరూ పుణ్యాత్మురాలు, శుక్రవారం పోయింది అన్నారు.

ఆ సాయంత్రమే మట్టి చేయాలన్నారు. నేను ఒప్పుకోలేదు. "నా చెల్లెలు వస్తాది. నాలుగు గంటల్లో మద్రాసులో ఉంటాది, రేపు సాయంత్రం రైలుకు దిగుతాది. దాని చేతుల మీద పోతానని మా అమ్మ అడిగినాది" అన్నాను. పెద్దవాళ్ళు బతిమాలారు, కోప్పడ్డారు. "జిలానీ, మయ్యత్తును ఇట్ల పెట్టుకోకూడదు, పాపం తగుల్తాది" అన్నారు. వాకిలికి అడ్డంగా కూర్చున్నాను. మే నెల ఎండ బాషాబీ. తడిగుడ్డలు కప్పాం, వేపాకు పరిచాం. ఇంక రాయను.

శనివారం స్టేషన్‌కు పోయాను. ఎవరో పెళ్ళివాళ్ళు దిగారు, ఒక పోలీసు దారోగా దిగాడు. రైలు పోయేదాకా నిలబడ్డాను.

ఇంటికి వచ్చేసరికి ఖాజాబీ తలుపు వేసి స్నానం మొదలుపెట్టింది. శవం పేరెత్తితే వణికే మనిషి, ఎవరినీ పిలవకుండా, ఒక్క పక్కింటి మల్లమ్మ నీళ్ళు అందిస్తే అంతా తనే చేసింది. చివరి చూపు చూస్తానంటే నన్ను చూడనివ్వలేదు. "వద్దు, మీరు చూడాకండి" అంది. కన్నకొడుకును, అమ్మ ముఖం చూడకుండా మట్టి వేశాను.

నాలుగు గంటల దూరం. నీకోసం ఎదురుచూసి నేను మా అమ్మను అట్లా చేశాను. నిన్ను నమ్మి చేశాను. ఇంకో తంతి ఇవ్వను. ఈ ఉత్తరం ఎప్పుడు అందితే అప్పుడు తెలుసుకో. ఇక రానక్కర్లేదు.

జిలాని


మార్కాపురం,
11 మే 1959

అమ్మా బాషాబీ,

దీనికి ముందు ఉత్తరం అందితే చించి పొయ్యిలో పెట్టు. అందకముందే ఇది అందితే ఇంకా మేలు. అది రాసిన చెయ్యి విరిగిపోయినా బాధపడను.

మొన్న శుక్రవారం అన్నం దగ్గర కూర్చుని మళ్ళీ నిన్ను తిడుతున్నాను. ఖాజాబీ చేతిలో గిన్నె కింద పెట్టి ఏడ్చేసింది. అమ్మ ఒట్టు వేయించుకుందట, బిడ్డ భూమ్మీద పడేదాకా నాకు చెప్పొద్దని. ఇక ఆపుకోలేక చెప్పింది. నీ మొదటి ఉత్తరం వినగానే అమ్మకు తెలిసిపోయిందట. నాకెందుకు తట్టలేదు? చింతపండు అన్నావు, పోయిన రెండుసార్ల మాదిరి కాకుండా అన్నావు, సెప్టెంబరు అన్నావు. చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. మాకు పిల్లలు లేకపోబట్టి ఆ వైపు ఆలోచనే పోలేదో, నా మొండితనమో.

ఖాజాబీ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "అత్తమ్మకు ఆ నాలుగు గంటల మాట మీద నమ్మకం లేదు. 'అంత దూరం నుంచి నాలుగు గంటల్లో ఎవురొస్తారే? వాణ్ణి అట్లనే అనుకోనీ. లేకపోతే ఇప్పుడే దాన్ని పిలిపిస్తాడు. రెండు పోగొట్టుకున్నాది, ఇదన్నా నిలవనీ. నన్ను నువ్వు కడుగు, నేను నేర్పిస్తా' అన్నాది." ఆ మధ్యాహ్నాలు తలుపు వేసుకుని చేసింది అదట. అమ్మ బల్ల మీద కళ్ళు మూసుకుని పడుకునేదట. తనను పోయినదానిగా అనుకోమని, చెంబు ఎట్లా పట్టాలో, నీళ్ళు ఎటు నుంచి పోయాలో ఖాజాబీకి చెప్పేదట. మొదటి రోజు ఖాజాబీ భయంతో బయటికి పరుగెత్తిందట. అమ్మ నవ్వి మళ్ళీ పిలిచిందట. నా ముందు నీ చేతులు కావాలని అన్నదంతా నిజమే, కాని ఆ కోరిక ఆమె అప్పటికే వదులుకుంది. పండగనాడు సేమ్యా గిన్నెడు కాదు, రెండు చెంచాలు కూడా దిగలేదు.

ఇది వినగానే ఒకటే భయం. నా తంతి చూసి నువ్వు గురువారం విమానం ఎక్కేశావేమో అని. ఆ సాయంత్రమే స్టేషన్‌కు పరుగెత్తాను. శనివారం పోయాను, నిన్న ఆదివారం కూడా పోయాను. నువ్వు దిగలేదు. గురువారం ఎక్కి ఉంటే ఆదివారానికి ఎట్లా ఆలస్యమయినా చేరి ఉండాలి కదా. అంటే నువ్వు ఎక్కలేదు. నిన్న స్టేషన్ బయట ఒక్కణ్ణే నిలబడి, చెల్లెలు రానందుకు అల్లాకు దండం పెట్టుకున్నాను. అమ్మ అనుకున్నదే జరిగింది.

ఇక నువ్వు ఏడవొద్దు, అది బిడ్డకు మంచిది కాదు. మెట్లు ఎక్కొద్దు. చింతపండు కాగితంలో కట్టి ఓడ పార్సిల్‌లో పంపమని ఖాజాబీ గొడవ చేస్తోంది. బిడ్డ పుట్టగానే తంతి ఇవ్వు. మేమిద్దరం ఆ తంతి కోసమే చూస్తుంటాం.

నీ అన్న,
జిలాని


మద్రాసు,
11 మే 1959

జిలాని అన్నకు,

నేను మద్రాసులో ఆడవాళ్ళ ఆసుపత్రిలో ఉన్నాను. భయపడొద్దు, ప్రాణానికి ఏమీ లేదు. ఇవాళే లేచి కూర్చోనిచ్చారు. తంతి ఇద్దామనుకున్నాను గాని, ఆసుపత్రి నుంచి తంతి వస్తే అమ్మ ఏమనుకుంటుందో అని ఉత్తరమే రాస్తున్నాను.

నీ తంతి శనివారం అందింది. గురువారం దాకా ఎట్లా గడిపానో నాకు తెలియదు. డాక్టరమ్మ చేతులు పట్టుకుని వద్దంది. మీ బావ పొమ్మనలేడు, వద్దనలేడు, నా మూట సర్ది ఇచ్చి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అమ్మ నాకోసం ప్రాణం బిగబట్టుకుని ఉందని తెలిసి నేను ఆగగలనా?

అన్నకు ఇలాంటివి రాయకూడదు. ఇంకెవరికి రాయను? విమానం మబ్బుల్లో చాలాసార్లు దిగజారింది, నడుము పట్టేసింది. అయినా మద్రాసు ఇళ్ళు కనపడేదాకా బిడ్డ కడుపులో కదులుతూనే ఉంది. స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నప్పుడు నొప్పులు వచ్చాయి. ఎవరో జట్కాలో ఇక్కడికి చేర్చారు. శుక్రవారం తెల్లవారేసరికి అయిపోయింది. ఆడపిల్ల. ఏడవలేదు.

ఇక్కడ దీనమ్మ అనే నర్సమ్మ ఉంది, వాళ్ళది గిద్దలూరు. మన మాట వినగానే ఆమెను పట్టుకుని ఏడ్చాను. బిడ్డను గుడ్డలో చుట్టి తీసుకుపోతుంటే నాకు ఇమ్మన్నాను. వేడినీళ్ళు తెచ్చి పెట్టింది. మోచేతి మీద పోసుకుని చూసుకున్నాను. రేగాకు ఎక్కడా దొరకలేదు. అమ్మ చెప్పినట్టే కుడివైపు నుంచి మొదలుపెట్టి నేనే కడిగాను. చాలా చిన్నది అన్నా, రెండు చేతులు కూడా అక్కర్లేకపోయింది. తర్వాత మసీదు వాళ్ళు వచ్చి తీసుకుపోయారు.

ఇది అమ్మకు చదవొద్దు. ఆమె దగ్గర కూర్చుని ఉత్తరం మడిచి, బాషాబీ బాగుంది, కడుపులో బిడ్డ బాగుంది అని మాత్రం చెప్పు. నా ముఖం చూస్తే ఆమెకే తెలుస్తుంది, అప్పుడు నేనే చెప్పుకుంటాను. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఒక్కసారి ఏడిస్తే నాకు చాలు.

ఈ వారంలో నడవనిస్తామన్నారు. నడవగానే మొదటి రైలు ఎక్కుతాను. మద్రాసు దాకా వచ్చేశానని అమ్మకు చెప్పు అన్నా. ఇంక కొంచెం దూరమే ఉందని, నేను వచ్చేదాకా ఆగమని చెప్పు.

చెల్లెలు,
బాషాబీ